స్ప్రింగు ముందు, షాకబ్జర్ తర్వాత

పాత కారు ఉన్నవాళ్లు సస్పెన్షన్ మాట ఎత్తగానే అడిగేది ఒకటే: "దీనికి ఏ షాకబ్జర్లు పడతాయి?" నేనూ ఓ పాత సెడాన్‌ని చాలాకాలంగా నడుపుతున్నాను, దాని కింద గంటల తరబడి పడుకునే రకాన్ని కూడా. అందుకే ఈ ప్రశ్న నా దాకా తరచూ వస్తుంది. ఒక పార్ట్ నంబరు చెప్పేస్తే అడిగినవాళ్లకు తృప్తి, నాకు తీరిక. అయినా చెప్పను. కారు ఇప్పుడు ఎంత ఎత్తున నిలబడిందో, ఏ చక్రం మీద ఎంత బరువుందో, లోపలున్న స్ప్రింగు ఎంత లావుందో ముందు చూసి రమ్మంటాను. సగం మంది అక్కడే విసుక్కుని వెళ్లిపోతారు.

బోల్టులు కలవడం అన్నిటికంటే తేలికైన పరీక్ష. ఒకే మోడల్లో పెట్రోల్ ఇంజన్‌ది, డీజిల్‌ది, ఆటోమేటిక్ గేరుబాక్సుది, వెనక సామాను చోటు పెంచిన ఎస్టేటు, అన్నిటికీ మౌంటింగులు ఒకటే కావచ్చు. డీజిల్ ఇంజన్ సాధారణంగా పెట్రోల్ దానికంటే బరువు ఎక్కువ, ముందు స్ప్రింగు ఆ లెక్కన మారుతుంది. డీజిల్ కారు స్ప్రింగు పెట్రోల్ కారులో చక్కగా కూర్చుంటుంది, బోల్టులన్నీ బిగుస్తాయి, ఆ తర్వాత కారు ముక్కు పైకెత్తుకుని తిరుగుతుంది. నా వాదన చిన్నదే. కారు బరువు మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగుని ఆపేది షాకబ్జర్. అందుకే స్ప్రింగును కారు బరువు చూసి ఎంచాలి, షాకబ్జర్‌ను ఆ స్ప్రింగును చూసి ఎంచాలి. ఈ వరస తిరగేస్తే ఎంత మంచి కంపెనీ సామాను వేసినా బండిలో సుఖం ఉండదు.

అంతకంటే ముందు జబ్బేమిటో తేలాలి. కారు ఒక మూల కిందికి దిగిపోతే స్ప్రింగును అనుమానించండి. గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటే షాకబ్జర్‌ని. టకటకమని చప్పుడొస్తే చాలాసార్లు రెండూ కావు, లింక్ రాడ్డో, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్షో, షాకబ్జర్‌ని పైన బాడీకి పట్టే టాప్ మౌంటో అయి ఉంటుంది. చప్పుడు కోసం నాలుగు షాకబ్జర్లూ మార్పించుకుని అదే చప్పుడుతో తిరిగే కార్లు తక్కువేం లేవు. బానెట్ మీద చేతులు పెట్టి నొక్కి వదిలే పరీక్ష మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అది పూర్తిగా చచ్చిన షాకబ్జర్‌నే పట్టిస్తుంది. చేత్తో నొక్కినప్పుడు షాకబ్జర్ రాడ్ కదిలే వేగం చాలా తక్కువ, గుంతలో పడ్డప్పుడు దానికి ఎన్నో రెట్లు. పైగా బిగుసుకుపోయిన పాత బుష్‌ల రాపిడి కూడా ఊగుని ఆపేసి, షాకబ్జర్ బాగానే ఉందన్న భ్రమ కలిగిస్తుంది. రాడ్ దగ్గర పల్చగా నూనె తడి ఉంటే కంగారు పడక్కర్లేదు. బాడీ పొడుగునా కారి మట్టి పేరుకుందంటే మాత్రం సీల్ పోయినట్టే. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడ్డట్టు అరిగినా అనుమానించవచ్చు.

"స్ప్రింగులు మెత్తబడిపోయాయి" అనే మాట ప్రతి గ్యారేజీలోనూ వినబడుతుంది. ఉక్కు స్ప్రింగు ఏళ్ల తరబడి బరువు మోసి పొడుగు కోల్పోతుంది, ఆ మాట నిజం. కానీ దాని బిగువు, అంటే ఒక మిల్లీమీటరు అణచడానికి ఎంత బలం కావాలన్న లెక్క, దాదాపు అలాగే ఉంటుంది. ఆ బిగువు ఉక్కు గుణం మీద, తీగ మందం మీద, చుట్టు వ్యాసం మీద, చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. కూర్చుండిపోయిన స్ప్రింగులో వీటిలో ఏదీ చెప్పుకోదగ్గంతగా మారదు. తుప్పు తిని తీగ సన్నబడితే తప్ప. బండి ఎత్తు తగ్గడం వల్ల చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గుతుంది, అందుకే చిన్న గుంతకే బంప్ స్టాపర్‌కి, అంటే చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మకి, తగులుతుంది. దాన్ని మనం మెత్తదనం అనుకుని ఇంకా గట్టి స్ప్రింగు కోసం వెతుకుతాం. కావలసింది అదే బిగువు, పోయిన ఎత్తు.

ఎత్తు ఎలా కొలవాలో చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది నేల నుంచి ఫెండర్ అంచు దాకా కొలుస్తారు. అందులో టైరు సైజు, గాలి, అరుగుదల అన్నీ కలిసిపోతాయి. చక్రం మధ్యబిందువు నుంచి నిటారుగా పైన ఫెండర్ అంచు దాకా కొలవండి. నేల సమతలంగా ఉండాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి, కారును కాస్త ముందుకీ వెనక్కీ నడిపి బుష్‌లను సర్దుకోనివ్వాలి. నాలుగు అంకెలు రాసుకుని కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌తో పోల్చండి. మాన్యువల్ చాలాసార్లు ఇంకో రెండు బిందువుల మధ్య ఎత్తు ఇస్తుంది, అప్పుడు అదే పద్ధతి పాటించాలి. ఎడమ కుడి తేడా ఉంటే, ముందు వైపు చూడటానికి వెనకాల మధ్యలో జాకీ పెట్టి, వెనక వైపు చూడటానికి ముందు మధ్యలో జాకీ పెట్టి కూడా కొలవాలి. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ దేనికైనా ఒక మూల పొట్టిదైతే దాని పక్క మూలలు కూడా వాలినట్టు కనిపిస్తాయి.

ఇక స్ప్రింగు. ఇక్కడ అందరినీ బోల్తా కొట్టించేది బయట విడిగా పెట్టినప్పుడు ఉండే పొడుగు. రెండు స్ప్రింగులు ఊహించుకుందాం. మొదటిది విడిగా 400 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 2 కిలోల బిగువు. రెండోది 360 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 2.8 కిలోలు. రెండిటి మీదా 300 కిలోల బరువు పెట్టండి. మొదటిది 150 మిల్లీమీటర్లు అణిగి 250 దగ్గర నిలుస్తుంది. రెండోది 107 మాత్రమే అణిగి 253 దగ్గర నిలుస్తుంది. బల్ల మీద 40 మిల్లీమీటర్లు పొట్టిగా కనిపించిన స్ప్రింగు కారు కింద ఓ 3 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉంది. "పాతదాని పక్కన పెట్టి చూశాను, కొత్తది పొట్టిగా ఉంది, తప్పు పంపారు" అని తిప్పి పంపేవాళ్లూ, "సరిగ్గా అదే పొడుగు" అని ఆనందంగా బిగించేసేవాళ్లూ ఒకే పొరపాటు చేస్తున్నారు. బిగువు తెలియకుండా పొడుగు ఏమీ చెప్పదు.

బిగువు ఎలా తెలుస్తుంది? తీగ మందం దాన్ని నాలుగో ఘాతంలో శాసిస్తుంది. 12 మిల్లీమీటర్ల తీగ 13 అయితే, మిగతావన్నీ అలాగే ఉంటే, బిగువు దాదాపు 38 శాతం పెరుగుతుంది. కంటితో చూస్తే ఆ తేడా తెలియదు. అందుకే వెర్నియర్‌తో కొలవాలి, అది కూడా రంగు, తుప్పు గీకేసి. అర మిల్లీమీటరు రంగు పొరను తీగ అనుకుంటే లెక్క 18 శాతం దాకా తప్పుతుంది. చుట్టు వ్యాసం ఇంకో పక్క నుంచి లాగుతుంది: వ్యాసం పెరిగితే బిగువు మూడో ఘాతంలో తగ్గుతుంది. చుట్లలో కదిలేవే లెక్కలోకి వస్తాయి, సీటుకు ఆనుకుని కదలకుండా ఉండేవి రావు. చుట్టు కోసి కారు కిందికి దించే విద్య చేసేదీ ఇదే: 6 కదిలే చుట్లలో ఒకటి కోస్తే బిగువు 20 శాతం పెరుగుతుంది, పైగా సీటుకు సరిపోయేలా మలిచిన చివర పోతుంది. చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి ఎత్తు పెంచే పద్ధతీ ఆ కోవలోనిదే. బిగించిన చుట్లు కదలవు, వాటి వంతు మెలిక మిగతా చుట్ల మీద పడుతుంది. పాత తీగకు కావలసింది అది కాదు.

స్ప్రింగు మీద వేసిన రంగు చుక్కలు అలంకారం కాదు. ఫ్యాక్టరీలో ఏ ఇంజను, ఏ గేరుబాక్సు, ఏసీ ఉందా లేదా అన్న లెక్కతో ఇచ్చిన గుర్తులవి. కొన్ని కార్లలో ఎడమకీ కుడికీ కూడా వేరే స్ప్రింగులుంటాయి. చుక్కలు మిగిలి ఉంటే విప్పకముందే ఫోటో తీసుకోండి, చెరిగిపోతే ఛాసిస్ నంబరుతో పార్ట్స్ కేటలాగులో వెతకండి. మోడల్ పేరు, సంవత్సరం మాత్రమే అడిగి స్ప్రింగు ఇచ్చేవాడి దగ్గర నేను కొనను.

ఇంకో కారు అంకెతో మన కారు అంకె పోల్చడం గురించి కూడా ఒక మాట. స్ట్రట్ సస్పెన్షన్‌లో, అంటే షాకబ్జర్ చుట్టూ స్ప్రింగు ఉండి రెండూ కలిసి చక్రాన్ని నిలబెట్టే రకంలో, స్ప్రింగు దాదాపు చక్రంతో సమానంగా కదులుతుంది. చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌లు (విష్‌బోన్లు) పైనొకటి కిందొకటి ఉండి, స్ప్రింగు లోయర్ ఆర్మ్ మధ్యలో కూర్చుంటే చక్రం కదిలిన దానిలో సగమే కదులుతుంది. అప్పుడు చక్రం దగ్గర తగిలే బిగువు స్ప్రింగు బిగువులో సగం కాదు, నాలుగో వంతు. అంటే మిల్లీమీటరుకు 8 కిలోల స్ప్రింగు అక్కడ చేసే పని స్ట్రట్ కారులో 2 కిలోల స్ప్రింగు చేస్తుంది. అలాగే ఆ ఆర్మ్ కారులో స్ప్రింగు సీటు కింద 10 మిల్లీమీటర్ల ప్యాడ్ పెడితే బండి దాదాపు 20 లేస్తుంది. ఈ సంగతి తెలియని చర్చలు ఎంత వేడిగా సాగినా ఎక్కడికీ పోవు.

గట్టి స్ప్రింగు వేస్తే బండి రోడ్డును బాగా పట్టుకుంటుందనే నమ్మకంతోనే నా అసలు పేచీ. చక్రం దగ్గర స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు అణిగిందో దాని వర్గమూలంతో 5ని భాగిస్తే, బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో సుమారుగా వస్తుంది. పైన చెప్పుకున్న మొదటి స్ప్రింగు స్ట్రట్ కారులో 15 సెంటీమీటర్లు అణిగింది కాబట్టి సెకనుకు 1.3 సార్లు, రెండోది 1.5 సార్లు. సాధారణ కుటుంబ కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. ఎత్తు అదే, బోల్టులు అవే, కానీ రెండో స్ప్రింగు ఆ కారును కుటుంబ కారు హద్దు అంచుకు నెట్టేసింది. నున్నటి ట్రాక్ మీద అది పనికొస్తుంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద గట్టి స్ప్రింగు చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచే బదులు బాడీని చక్రంతో పాటు పైకి విసురుతుంది. పాత కార్ల బాడీ ఈకాలం వాటంత బిగువుగా ఉండదు, వెల్డింగు అతుకులూ తలుపు సందులూ ఆ దెబ్బలన్నీ పంచుకుంటాయి. డాష్‌బోర్డు గిలకగిలక కొట్టుకోవడం అక్కడే మొదలవుతుంది.

ముందు జత మాత్రమే గట్టివి వేసి వెనక పాతవి ఉంచేయడం ఇంకో తెలివి. 1930లలో క్యాడిలాక్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు, ముందు వైపు కంటే వెనక వైపు కాస్త వేగంగా ఊగేలా ఉంటేనే ప్రయాణం చదునుగా ఉంటుందని చూపించాడు. గతుకు ముందు చక్రాలకు ముందుగా తగులుతుంది, వెనక చక్రాలు ఆలస్యంగా మొదలుపెట్టినా వేగంగా ఊగి ముందువాటిని అందుకుంటాయి. కంపెనీ స్ప్రింగుల లెక్కలో ఈ పొంతన ముందే ఉంటుంది. దాన్ని ఒక వైపు మార్చేస్తే బండి ముక్కు వంచుతూ లేపుతూ పోతుంది.

అలాగని కంపెనీ స్ప్రింగు దైవవాక్కు అని నేను అనడం లేదు. డిక్కీలో గ్యాస్ సిలిండర్ శాశ్వతంగా పెట్టుకున్న కారు సంగతి చూడండి. 60 కిలోల సిలిండర్ యాక్సిల్‌కి వెనక కూర్చుంటే ఒక్కో వెనక స్ప్రింగు మీద 30 కిలోల పైనే పడుతుంది. మిల్లీమీటరుకు 2 కిలోల బిగువైతే కనీసం 15 మిల్లీమీటర్లు శాశ్వతంగా దిగిపోయినట్టు. అక్కడ మార్పు న్యాయమే. అయినా ఊహించి గట్టిది తేవడం కంటే అదే మోడల్ ఎస్టేటుకు వేసిన వెనక స్ప్రింగు సరిపోతుందేమో చూడటం మంచిది. బరువు మోసే లెక్క వేరే ఇంజనీర్లు మనకోసం అప్పటికే చేసి పెట్టారు.

షాకబ్జర్ వంతు ఇప్పుడొచ్చింది. స్ప్రింగు కదలిక మొదలుపెడితే దాన్ని ఆపేది ఇది. ఎంత ఆపాలన్నది బిగువు, బరువుల లబ్ధం వర్గమూలం మీద ఆధారపడుతుంది. మన ఉదాహరణలో బిగువు 40 శాతం పెరిగింది కాబట్టి ఆపే శక్తి 18 శాతం పెరగాలి. పాత షాకబ్జర్లు అలాగే ఉంచి గట్టి స్ప్రింగులు వేస్తే "కొత్తవి వేశాక బండి ఇంకా ఎగురుతోంది" అన్న ఫిర్యాదు అందుకే వస్తుంది. తిరగేసి చూసినా అంతే: కంపెనీ స్ప్రింగు మీద స్పోర్ట్స్ షాకబ్జర్ వేస్తే, వరుస గతుకుల్లో స్ప్రింగు తిరిగి సాగే లోపే మళ్లీ అణిగి, బండి క్రమంగా కిందికి దిగిపోయి స్టాపర్ల మీద నడుస్తుంది.

షాకబ్జర్ విషయంలో కొత్తదనానికి నేను విరోధిని కాను. ఆనాటి నూనె షాకబ్జర్ల కంటే ఇప్పటి తక్కువ పీడనం గ్యాస్ ట్విన్‌ట్యూబులు (గొట్టంలో గొట్టం ఉండే రకం) గతుకుల్లో నురగ పట్టకుండా ఎక్కువసేపు పనిచేస్తాయి, సీళ్లు కూడా మెరుగు. పాత కారుకు నా ఓటు వాటికే. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబు ఇంకా చురుకైనదే, కానీ దాని గ్యాస్ పీడనం రాడ్‌ని ఎప్పుడూ బయటికి తోస్తుంది. 14 మిల్లీమీటర్ల రాడ్, 25 బార్ పీడనం అనుకుంటే ఆ తోపు దాదాపు 39 కిలోలు. మిల్లీమీటరుకు 2 కిలోల స్ప్రింగు పక్కన, చక్రంతో సమానంగా కదిలే చోట అది బండిని దాదాపు 20 మిల్లీమీటర్లు లేపుతుంది. స్ప్రింగులు మార్చకుండానే వెనక లేచిపోయిందేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇక్కడుంది.

తర్వాత చూడాల్సింది రెండు పొడుగులు, పూర్తిగా సాగినప్పుడూ పూర్తిగా మూసుకున్నప్పుడూ. మూసుకున్న పొడుగు ఎక్కువైతే బంప్ స్టాపర్ తగలకముందే షాకబ్జర్ లోపల అడుగు తగిలి వాల్వు చితికిపోతుంది. సాగిన పొడుగు చాలా కార్లలో చక్రం ఎంత కిందికి వేలాడాలో నిర్ణయిస్తుంది. అది ఎక్కువైతే బ్రేకు హోసు, డ్రైవ్ షాఫ్ట్ జాయింటు లాగబడతాయి. స్ప్రింగు కూడా వదులైపోవచ్చు. మళ్లీ మన రెండు స్ప్రింగులనే తీసుకోండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగుకు 350 మిల్లీమీటర్ల చోటుంటే మొదటిది ఇంకా 50 అణిగి గట్టిగా కూర్చుని ఉంటుంది, రెండోదానికి మిగిలింది 10. కాస్త పొడుగు షాకబ్జర్ దొరికిందని వేస్తే ఆ 10 కూడా పోయి స్ప్రింగు సీటులోంచి జారుతుంది. పాత స్ట్రట్‌లలో గుండ్రటి గొట్టం లోపల వేసే షాకబ్జర్ ఇన్సర్టు అయితే గొట్టం లోపలి వ్యాసం, లోతు, పైన బిగించే నట్టు మర అన్నీ కలవాలి. గొట్టానికీ ఇన్సర్టుకీ మధ్య కొంచెం నూనె పోయడం మానకండి, వేడి బయటికి పోయే దారి అదే.

ఏళ్ల తరబడి డబ్బా విప్పని పాత ఒరిజినల్ సామాను దొరికితే చాలామంది ఎగిరి గంతేస్తారు. స్ప్రింగైతే, తుప్పు లేకపోతే, నేనూ తీసుకుంటాను. షాకబ్జర్ అయితే ముట్టను. అది వాడకపోయినా దాని రబ్బరు సీలు వయసు ఆగదు.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే భయం వేసేది కూడా అదే. చాలా పాత కార్లలో వెనక యాక్సిల్‌కి చిన్న లింకు కట్టిన బ్రేకు వాల్వు ఉంటుంది. బండి వెనక ఎంత కిందికి దిగిందో చూసి, బరువెంతుందో అంచనా వేసి వెనక బ్రేకుకు పీడనం పంపుతుంది. వెనక స్ప్రింగులు పొట్టివి వేసి బండిని దించితే, డిక్కీ నిండా సామాను ఉందనుకుని ఖాళీ బండికి కూడా ఎక్కువ పీడనం పంపుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి తిరిగిపోతుంది. ఎత్తు పెంచితే దానికి రివర్సు: నిజంగా బరువున్నప్పుడు కూడా వెనక బ్రేకు సగం మనసుతో పనిచేస్తుంది. స్ప్రింగులు మారిస్తే ఆ వాల్వు సెట్టింగు మాన్యువల్ ప్రకారం చూడాల్సిందే. అందం కోసం బండిని దించే ముచ్చట మీద నాకు గౌరవం లేకపోవడానికి సగం కారణం ఇది.

బిగించే పని గురించి రెండే మాటలు. మన మొదటి స్ప్రింగును కంప్రెసర్‌తో 200 మిల్లీమీటర్లు అణచి పెడితే అందులో 400 జూళ్ల శక్తి ఉంటుంది, 40 కిలోల దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడినంత. కంప్రెసర్ మర అరిగి ఉంటే ఆ పని మొదలుపెట్టకండి. రెండోది, లోయర్ ఆర్మ్ బుష్‌ల బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించవద్దు. బండి బరువు చక్రాల మీద పడ్డాక, మామూలు ఎత్తులో ఉన్నప్పుడు బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి బండిని పైకి తోస్తుంది, మీ కొలతలన్నీ తప్పుతాయి, బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. టాప్ మౌంటు, బంప్ స్టాపర్, స్ప్రింగు సీటు రబ్బరు ఒకేసారి కొత్తవి వేసేయండి, వాటికోసం మళ్లీ అంతా విప్పడం ఎవరికీ సరదా కాదు. వీల్ అలైన్‌మెంటు మాత్రం అదే రోజు చేయించకండి. కొత్త స్ప్రింగులూ సీటు రబ్బర్లూ కొంత తిరిగాక కాస్త దిగి కుదురుకుంటాయి. అప్పుడు చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా ఆ నాలుగు అంకెలూ మళ్లీ తీసుకుని, ఎడమ కుడి కలిశాయని చూసుకుని, అప్పుడు అలైన్‌మెంటుకు వెళ్లండి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా అప్పుడే సరిచేయించుకోవచ్చు.